లీఫ్‌నోడ్ న్యూస్ సర్వర్ మొరాయిస్తే ఎలా సరిచేయాలి, పరీక్షా వెర్షన్‌ను ఎప్పుడు వాడాలి

లీఫ్‌నోడ్ అనే చిన్న న్యూస్ సర్వర్‌తో యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపులను, అంటే ఇంటర్నెట్‌లోని పాత తరహా చర్చా వేదికలను, సొంత కంప్యూటర్‌లో నిల్వ చేసుకొని చదివేవారు చాలాకాలంగా అవే మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. గ్రూపు తెరిస్తే ఒక్క సందేశమే కనిపిస్తోంది, మిగతావి ఎక్కడికి పోయాయి? బయటి సర్వర్ నుంచి సందేశాలు తెచ్చే ఫెచ్‌న్యూస్ నిన్నటి దాకా పనిచేసి ఈరోజు ఏమీ తేవడం లేదు, ఎందుకు? పరీక్షా దశలో ఉన్న లీఫ్‌నోడ్ రెండో వెర్షన్ వేసుకుంటే ఈ బాధలు తీరుతాయా? 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో కొత్త సందేశాల రాకపోకలను ఆపేసింది. అప్పటిదాకా బ్రౌజర్‌లో చదివినవారు కూడా న్యూస్ సర్వర్ల వైపు రావడంతో ఈ ప్రశ్నలు ఇంకా పెరిగాయి. మూడింటికీ జవాబు ఇక్కడ ఒకేచోట ఇస్తున్నాను.

ముందుగా ఒక గమనిక. కమాండ్లు, ఫైళ్ల పేర్లు, డైరెక్టరీల పేర్లు అన్నీ పలికే తీరున తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. పెద్దబడి అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్పాను. మిగతావన్నీ చిన్నబడి అక్షరాలే.

కావలసినవి

లినక్స్ లేదా ఫ్రీబీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా సిస్టం, అందులో రూట్ అధికారం, డిస్కులో కొంత ఖాళీ స్థలం, బయట ఒక న్యూస్ సర్వర్‌లో ఖాతా, స్లర్న్, పాన్, థండర్‌బర్డ్ వంటి ఒక న్యూస్ రీడర్ ఉంటే చాలు. చర్చా గ్రూపులకు ఎటర్నల్ సెప్టెంబర్ సర్వర్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. ఖాతా లేకుండా వెంటనే పరీక్షించాలనుకుంటే న్యూస్.జిమేన్.ఐఓ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ మెయిలింగ్ లిస్టులను న్యూస్‌గ్రూపుల రూపంలో పాస్‌వర్డ్ అవసరం లేకుండా చదవవచ్చు. పాస్‌వర్డ్ తప్పా, మిగతా అమరిక తప్పా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఇది చాలా శ్రమ తప్పిస్తుంది.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. లీఫ్‌నోడ్ ఒకే ప్రోగ్రామ్ కాదు. బయటి సర్వర్ నుంచి సందేశాలు తెచ్చేది, మీరు రాసినవి పంపేది ఫెచ్‌న్యూస్. తెచ్చినవి స్పూల్ అనే నిల్వ డైరెక్టరీలో సందేశానికి ఒక ఫైలు చొప్పున ఉంటాయి. వాటిని మీ రీడర్‌కు అందించేది లీఫ్‌నోడ్ అనే సర్వర్ ప్రోగ్రామ్. గడువు తీరిన వాటిని తొలగించేది టెక్స్‌పైర్. ఏ లోపమైనా ఈ గొలుసులో ఏదో ఒక కొక్కెం దగ్గరే ఉంటుంది. అందువల్ల బయటి సర్వర్ దగ్గర మొదలుపెట్టి లోపలికి, ఒక్కొక్క కొక్కేన్నీ విడిగా పరీక్షించుకుంటూ రావాలి. చాలామంది రీడర్ వైపు నుంచి వెనక్కి వెతుకుతారు. అలా వెతికితే పూటలు గడిచిపోతాయి.

1. వెర్షన్ చూసుకొని, లాగ్ తెరిచి ఉంచండి

టెల్‌నెట్ లోకల్‌హోస్ట్ 119 అని ఇవ్వండి. మీ కంప్యూటర్‌లోనే ఉన్న న్యూస్ సర్వర్‌కు 119 పోర్టులో నేరుగా కలవడానికి ఇది. అంతా సవ్యంగా ఉంటే 200 అంకెతో మొదలయ్యే పలకరింపు వాక్యం వస్తుంది, వెర్షన్ సంఖ్య అందులోనే ఉంటుంది. క్విట్ అని ఇచ్చి బయటకు రండి. ఆ సంఖ్యను ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఇకపై ఎవరి సహాయం అడిగినా మొదట అడిగేది అదే.

కాన్ఫిగ్ ఫైలులో డీబగ్‌మోడ్ విలువను 1 చేయండి. లీఫ్‌నోడ్ ఇచ్చే లాగ్ వాక్యాలు సిస్‌లాగ్ అనే సిస్టం లాగ్‌లో న్యూస్ అనే విభాగం కింద చేరతాయి. సిస్టమ్‌డీ ఉన్నచోట జర్నల్‌సీటీఎల్‌కు -టి ఆప్షన్‌తో ఫెచ్‌న్యూస్ అని ఒకసారి, లీఫ్‌నోడ్ అని మరోసారి ఇస్తే రెండింటి లాగ్‌లూ విడివిడిగా కనిపిస్తాయి. సిస్‌లాగ్ అమరికలో న్యూస్ విభాగపు డీబగ్ స్థాయికి చోటు లేకపోతే ఎంత డీబగ్‌మోడ్ పెట్టినా ఒక్క వాక్యం కూడా కనిపించదని గుర్తుంచుకోండి. లాగ్ ఖాళీగా ఉన్నంత మాత్రాన లోపం లేదనుకోవద్దు.

కాన్ఫిగ్ ఫైలు ఉండే చోటు పంపిణీని బట్టి మారుతుంది. సోర్సు నుంచి కట్టుకుంటే ఈటీసీ కింద లీఫ్‌నోడ్ డైరెక్టరీలో ఉంటుంది, డెబియన్‌లో ఈటీసీ/న్యూస్/లీఫ్‌నోడ్ కింద ఉంటుంది. రెండు చోట్లా రెండు ఫైళ్లు పెట్టుకొని, ప్రోగ్రామ్ చదవని ఫైలును దిద్దుతూ కూర్చోవడం నేను చూసిన పొరపాట్లలో అతి మామూలుది.

2. బయటి సర్వర్‌ను చేత్తో పరీక్షించండి

లీఫ్‌నోడ్ ప్రమేయం లేకుండా, టెల్‌నెట్‌తో నేరుగా మీ న్యూస్ సర్వర్ 119 పోర్టుకు కలవండి. 200 వస్తే చదవడానికి, రాయడానికి అనుమతి ఉన్నట్టు. 201 వస్తే చదవడానికే అనుమతి. 400 వస్తే సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదు, మీ వైపు మార్చవలసింది ఏమీ లేదు, కాసేపు ఆగాలి. 502 వస్తే మీ చిరునామా నుంచి అనుమతి లేదని అర్థం.

తర్వాత గ్రూప్ అనే ఆజ్ఞతో ఒక గ్రూపు పేరు ఇవ్వండి. ఉదాహరణకు 1990లలో అమెరికాలోని తెలుగువారు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తూ చర్చలు నడిపిన సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గ్రూపు పేరు ఇవ్వవచ్చు. 211తో మొదలయ్యే జవాబులో నాలుగు అంశాలు ఉంటాయి: సుమారు సందేశాల సంఖ్య, మొదటి సంఖ్య, చివరి సంఖ్య, గ్రూపు పేరు. 411 వస్తే ఆ సర్వర్‌లో ఆ గ్రూపు లేదు. 480 వస్తే ముందు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. మొదటి సంఖ్య చివరి సంఖ్య కంటే పెద్దదిగా ఉంటే, గ్రూపు ఉంది కాని అందులో ఇప్పుడు సందేశాలు లేవు. ఈ చివరి సంగతి తెలియక ఖాళీ గ్రూపు కోసం రోజుల తరబడి లీఫ్‌నోడ్‌ను తిట్టుకున్నవారు ఉన్నారు.

హెచ్చరిక: టెల్‌నెట్‌లో, 119 పోర్టులో పాస్‌వర్డ్ ఎలా టైపు చేస్తే అలాగే బయటి దారిలో వెళ్తుంది. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డే దీనికి పెట్టుకోండి.

ప్రత్యామ్నాయం: గుప్తీకరించిన 563 పోర్టే వాడాలనుకుంటే లీఫ్‌నోడ్ మొదటి తరం వెర్షన్లకు ఆ పని సొంతంగా రాదు, మధ్యలో గుప్తీకరణ చేసిపెట్టే స్టన్నెల్ ప్రోగ్రామ్ పెట్టాలి. స్టన్నెల్ అమరికలో క్లయింట్ విలువ యెస్ అని, అంగీకరించే చిరునామా 127.0.0.1లో 1119 వంటి ఖాళీ పోర్టు అని, కలవవలసిన చోటు మీ సర్వర్ 563 పోర్టు అని ఇవ్వండి. ఆ తర్వాత లీఫ్‌నోడ్ కాన్ఫిగ్‌లో సర్వర్‌గా లోకల్‌హోస్ట్, దాని కింద పోర్టుగా 1119 రాయండి. ఇక్కడ 119నే ఇస్తే లీఫ్‌నోడ్ వినే పోర్టుతో ఢీకొంటుంది. ధ్రువపత్రాన్ని తనిఖీ చేయమని స్టన్నెల్‌కు విడిగా చెప్పకపోతే అది అవతలి సర్వర్ ఎవరన్నది పరిశీలించదు కనుక వెరిఫైచెయిన్, చెక్‌హోస్ట్, సీఏఫైల్ వరుసలు కూడా తప్పకుండా చేర్చండి.

3. కంప్యూటర్ పూర్తి పేరు సరిచేయండి

కొత్తగా పెట్టుకున్నవారిలో ఎక్కువమంది ఆగిపోయే మెట్టు ఇదే. లీఫ్‌నోడ్ ప్రతి కొత్త సందేశానికి ప్రపంచంలో మరొకటి లేని గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. అందుకోసం కంప్యూటర్‌కు చుక్కలతో కూడిన పూర్తి డొమైన్ పేరు ఉండాలని పట్టుబడుతుంది, లేకపోతే పనిచేయడానికే నిరాకరిస్తుంది. ఇది లోపం కాదు. రెండు కంప్యూటర్లు లోకల్‌హోస్ట్ అనే ఒకే పేరుతో గుర్తింపులు తయారుచేస్తే రెండు వేర్వేరు సందేశాలకు ఒకే గుర్తింపు పడవచ్చు. అప్పుడు రెండోదాన్ని సర్వర్లు నకలుగా భావించి పారేస్తాయి.

హోస్ట్‌నేమ్ -ఎఫ్ అని ఇచ్చి చూడండి. చుక్క లేని పేరు వస్తే ఈటీసీ కింద హోస్ట్స్ ఫైలు తెరిచి, మీ కంప్యూటర్ చిరునామా ఉన్న వరుసలో పూర్తి పేరు ముందు, పొట్టి పేరు తర్వాత ఉండేట్టు రాయండి. వరుస తారుమారైతే ఫలితం ఉండదు. సిస్టం పేరు మార్చడం ఇష్టం లేకపోతే లీఫ్‌నోడ్ కాన్ఫిగ్‌లోనే హోస్ట్‌నేమ్ అనే వరుసలో పూర్తి పేరు ఇవ్వవచ్చు. మీ సొంత డొమైన్ కింద ఒక ఉపనామం దీనికి ఉత్తమం. ఇతరుల డొమైన్ పేరును మాత్రం ఎన్నడూ వాడవద్దు, మీ సందేశాల గుర్తింపులు వారి సందేశాలతో కలిసిపోతాయి.

4. ఫెచ్‌న్యూస్‌ను మాట్లాడించండి

ఫెచ్‌న్యూస్‌ను రూట్‌గా గాని, న్యూస్ అనే యూజర్‌గా గాని నడపాలి. మామూలు యూజర్‌గా నడిపితే స్పూల్‌లో రాయడానికి అనుమతి ఉండదు. -వి ఆప్షన్‌ను మూడు సార్లు ఇచ్చి నడిపితే ఏ సర్వర్‌కు కలిసింది, ఏ గ్రూపులో ఎన్ని సందేశాలు చూసింది, ఎన్ని తెచ్చింది అన్నీ తెర మీదే చెబుతుంది.

మొదటిసారి అది సర్వర్‌లోని గ్రూపుల పూర్తి జాబితాను దించుకుంటుంది. వేల సంఖ్యలో గ్రూపులు ఉంటాయి కనుక సమయం పడుతుంది. ఆగిపోయిందనుకొని మధ్యలో కంట్రోల్-సి నొక్కినవారికి సగం జాబితా మిగిలి, తర్వాత గ్రూపులు కనిపించడం లేదన్న ఫిర్యాదు మొదలవుతుంది. అలా జరిగి ఉంటే -ఎఫ్ ఆప్షన్‌తో ఫెచ్‌న్యూస్ నడిపి జాబితాను మళ్లీ మొదటినుంచి తెప్పించండి, ఈసారి పూర్తయ్యేదాకా ఆగండి.

480 తర్వాత 481 లేదా 482 కనిపిస్తే యూజర్ పేరు గాని పాస్‌వర్డ్ గాని తప్పు. ఇక్కడ ఒక చిన్న నియమం తెలియాలి: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పోర్టు వరుసలు తమకు పైన ఉన్న సర్వర్ వరుసకే చెందుతాయి. రెండు సర్వర్లు రాసి, పాస్‌వర్డ్‌ను ఫైలు చివర పెడితే అది రెండో సర్వర్‌కే పోతుంది. కాన్ఫిగ్ ఫైలులో పాస్‌వర్డ్ ఉంటుంది కనుక న్యూస్ యూజర్‌కు తప్ప మరెవరికీ చదివే అనుమతి లేకుండా చూడండి.

తాళం ఫైలు ఉందని చెప్పి ఫెచ్‌న్యూస్ ఆగిపోతే కంగారుపడి ఆ ఫైలును తీసేయవద్దు. ఫెచ్‌న్యూస్, టెక్స్‌పైర్ రెండూ ఒకేసారి నడిస్తే స్పూల్ పాడవుతుంది కనుకనే ఆ తాళం. ముందు పీఎస్ కమాండ్‌తో ఆ రెండింటిలో ఏదైనా నడుస్తోందా చూడండి. పనులను నిర్ణీత సమయాలకు నడిపే క్రాన్‌లో రెండింటికీ ఒకే సమయం పెట్టి ఉంటే గంట దూరం జరపండి. ఏదీ నడవడం లేదని నిశ్చయంగా తేలిన తర్వాతే తాళం ఫైలు జోలికి వెళ్లండి.

5. ఒక్క సందేశమే కనిపిస్తే

మొదటి ప్రశ్నకు జవాబు ఇది. లీఫ్‌నోడ్ మీరు అడగని గ్రూపులను తేదు. మీరు ఒక గ్రూపును మొదటిసారి తెరిచినప్పుడు దాని స్థానంలో ఒక తాత్కాలిక సందేశాన్ని చూపి, ఈ గ్రూపు మీద మీకు ఆసక్తి ఉందని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఫెచ్‌న్యూస్ నడిచినప్పుడే అసలు సందేశాలు వస్తాయి. కాబట్టి గ్రూపు తెరవండి, ఆ తాత్కాలిక సందేశాన్ని చదవండి, ఫెచ్‌న్యూస్ నడపండి, రీడర్‌లో గ్రూపును మళ్లీ తెరవండి. కొన్ని రీడర్లు గ్రూపు పేరును జాబితాలో చూపడంతోనే సరిపెట్టి నిజంగా తెరవవు కనుక ఆ సందేశాన్ని చదవడం తప్పనిసరి అని భావించండి.

పనిచేసిందో లేదో స్పూల్‌లో చూసి నిర్ధారించుకోవచ్చు. స్పూల్ డైరెక్టరీ కింద ఇంట్రెస్టింగ్.గ్రూప్స్ అనే డైరెక్టరీలో ఆ గ్రూపు పేరుతో ఒక ఫైలు పుట్టి ఉండాలి. పుట్టకపోతే టచ్ కమాండ్‌తో మీరే సృష్టించవచ్చు, కాని న్యూస్ యూజర్‌గానే సృష్టించాలి. రూట్ పేరుతో ఉన్న ఫైలును లీఫ్‌నోడ్ తాజాపరచలేదు. అందువల్ల కొన్నాళ్లకు ఆ గ్రూపు చెప్పాపెట్టకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొక సంగతి. ఒక్కసారి తెరిచి వదిలేసిన గ్రూపును రెండు రోజుల తర్వాత, క్రమంగా చదువుతూ మానేసిన గ్రూపును ఏడు రోజుల తర్వాత తేవడం ఆపేయడం లీఫ్‌నోడ్ అలవాటు. టైమౌట్_షార్ట్, టైమౌట్_లాంగ్ అనే రెండు వరుసలు దీన్ని నిర్ణయిస్తాయి. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చినవారు గ్రూపులన్నీ ఆగిపోయాయని రాయడానికి కారణం ఇదే. నా సొంత అమరికలో రెండో విలువను 30 చేసుకున్నాను.

మొదటిసారి తెచ్చేటప్పుడు గ్రూపులోని పాత సందేశాలన్నీ ఒక్కసారి మీద పడకుండా ఇనీషియల్‌ఫెచ్ వరుసలో 500 వంటి పరిమితి ఇవ్వండి. మ్యాక్స్‌ఫెచ్ మాత్రం ప్రతిసారీ వర్తించే పరిమితి. రద్దీ గ్రూపులో దాన్ని చిన్నదిగా పెడితే మధ్యలో సందేశాలు తప్పిపోతాయి.

6. నిన్నటి దాకా వచ్చి ఈరోజు ఆగిపోతే

బయటి సర్వర్ తన సందేశాల సంఖ్యలను కొత్తగా మొదలుపెట్టి ఉండవచ్చు. లీఫ్‌నోడ్ ప్రతి సర్వర్‌కు, ప్రతి గ్రూపులో చివరిగా చూసిన సంఖ్యను స్పూల్‌లోని లీఫ్.నోడ్ డైరెక్టరీలో ఆ సర్వర్ పేరుతో ఉన్న ఫైలులో దాచుకుంటుంది. అక్కడ 84210 అని ఉండి, సర్వర్ ఇప్పుడు చివరి సంఖ్య 300 అంటే తేవలసింది ఏమీ లేదని ఫెచ్‌న్యూస్ భావించే అవకాశం ఉంది. రెండో మెట్టులో చూసిన 211 జవాబును ఈ ఫైలులోని సంఖ్యతో పోల్చండి. తేడా ఉంటే ఆ ఫైలుకు నకలు తీసి, సంబంధించిన వరుసను తొలగించి, ఫెచ్‌న్యూస్ మళ్లీ నడపండి. ఇప్పటికే ఉన్న సందేశాలను వాటి గుర్తింపు సంఖ్యను బట్టి గుర్తుపట్టి వదిలేస్తుంది కనుక నకళ్ల భయం అక్కరలేదు. కొద్ది సందేశాలే తప్పిపోయాయనుకుంటే -ఎక్స్ ఆప్షన్‌తో ఒక సంఖ్య ఇచ్చి, అంత సంఖ్యలో సందేశాలు వెనక్కి వెళ్లి చూడమని చెప్పడం తేలిక.

కాన్ఫిగ్‌లో సర్వర్ పేరు మార్చినా ఇదే తరహా ప్రభావం ఉంటుంది. పేరు కొత్తది కనుక చివరి సంఖ్యలు లేవు, అన్నీ మొదటినుంచి అడుగుతుంది.

7. స్పూల్ ఆరోగ్యం చూడండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే స్పూల్ చెడితే లక్షణాలు మిగతా అన్నిచోట్లా కనిపిస్తాయి.

ప్రతి సందేశమూ డిస్కు మీద ఒకే ఫైలు. కాని దానికి రెండు పేర్లు ఉంటాయి. ఒకటి గ్రూపు డైరెక్టరీలో సంఖ్య రూపంలో, రెండోది మెసేజ్.ఐడి డైరెక్టరీ కింద 000 నుంచి 999 దాకా ఉన్న వెయ్యి ఉపడైరెక్టరీలలో ఒకదానిలో. ఈ రెండు పేర్లు హార్డ్ లింకులతో కలిసి ఉంటాయి. హార్డ్ లింకు ఒకే ఫైల్‌సిస్టంలోనే సాధ్యం కనుక స్పూల్ మొత్తం ఒకే విభాగంలో ఉండాలి. మెసేజ్.ఐడిని ఒక డిస్కులో, గ్రూపులను మరో డిస్కులో పెట్టడం కుదరదు.

స్పూల్‌ను కొత్త డిస్కుకు మార్చేటప్పుడు ఆర్‌సింక్‌కు పెద్దబడి హెచ్ ఆప్షన్ ఇవ్వడం మరచిపోతే ప్రతి సందేశమూ రెండు వేర్వేరు ఫైళ్లుగా మారి, స్థలం దాదాపు రెట్టింపవుతుంది. ఒకసారి నేను ఈ పొరపాటే చేశాను. డిస్కు నిండిందని గడువు రోజులు తగ్గించుకుంటూ పోయాను తప్ప లింకుల సంఖ్య చూడాలని తోచలేదు. మీరు మాత్రం మొదటే ఎల్‌ఎస్ -ఎల్ ఇచ్చి చూడండి. అనుమతుల పక్కన ఉన్న అంకె 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఒకే సందేశం రెండు గ్రూపులకు వచ్చి, రెండూ మీరు చదివేవైతే 3 ఉంటుంది. 1 కనిపిస్తే లింకు తెగినట్టే. అప్పుడు టెక్స్‌పైర్‌ను -ఆర్ ఆప్షన్‌తో నడిపితే తెగిన లింకులను మళ్లీ కలుపుతుంది. ముందుగా స్పూల్‌కు నకలు తీసుకోండి, హార్డ్ లింకులతో సహా.

డిస్కు నిండిందన్న లోపం వచ్చి, డీఎఫ్ మాత్రం ఖాళీ చూపిస్తే డీఎఫ్ -ఐ ఇచ్చి చూడండి. చిన్న ఫైళ్లు లక్షలలో చేరినప్పుడు స్థలం కంటే ముందు ఐనోడ్లు, అంటే ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు స్థానాలు, అయిపోతాయి. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ల సంఖ్య ఫైల్‌సిస్టంను తయారుచేసేటప్పుడే నిర్ణయమవుతుంది, తర్వాత విడిగా పెంచలేరు. అందువల్ల గడువు తగ్గించాలి, లేదా ఎక్కువ ఐనోడ్లతో కొత్త విభాగం తయారుచేసుకోవాలి.

గడువు విషయంలో ఒక మెలిక ఉంది. ఎక్స్‌పైర్ వరుసలో 20 అని రాస్తే ఇరవై రోజుల గడువు. ఈమధ్యే మీరు చదివిన చర్చలను టెక్స్‌పైర్ తొలగించకుండా ఉంచుతుంది, దానికి ఆధారం ఫైలును చివరిగా చదివిన సమయం. స్పూల్ విభాగాన్ని నోఏటైమ్‌తో మౌంట్ చేస్తే ఆ సమయం నమోదు కాదు, మీరు రోజూ చదివే చర్చ కూడా గడువు తీరగానే పోతుంది. దీనికి విరుద్ధంగా, స్పూల్‌ను రోజూ తడిమే వెతుకులాట ప్రోగ్రామో వైరస్ తనిఖీయో ఉంటే అన్నీ ఇప్పుడే చదివినట్టు కనిపించి ఏదీ పోదు. మొదటి సందర్భంలో మౌంట్ ఆప్షన్ మార్చండి. రెండో సందర్భంలో ఆ ప్రోగ్రామ్‌ను స్పూల్ దరిదాపులకు రానివ్వకండి, అప్పటికే పేరుకుపోయిన వాటికి టెక్స్‌పైర్‌ను -ఎఫ్‌తో ఒకసారి నడపండి.

8. లీఫ్‌నోడ్, రీడర్ మధ్య దారి

లీఫ్‌నోడ్ తనంతట తాను పోర్టు దగ్గర కూర్చోదు, ఐనెట్‌డీ, ఎక్స్‌ఐనెట్‌డీ, సిస్టమ్‌డీ సాకెట్‌లలో ఏదో ఒకటి దాన్ని లేపాలి. టెల్‌నెట్ లోకల్‌హోస్ట్ 119కి కనెక్షన్ తిరస్కారం వస్తే ఈ లేపేవాడు లేడని అర్థం. ఎక్స్‌ఐనెట్‌డీలో డిజేబుల్ విలువ నో అని ఉందా చూడండి. సిస్టమ్‌డీలో సాకెట్ యూనిట్‌కు యాక్సెప్ట్ (మొదటి అక్షరం పెద్దబడి) విలువ యెస్ ఉండాలి, సర్వీస్ యూనిట్ న్యూస్ యూజర్‌గా నడవాలి, ప్రారంభించవలసింది సాకెట్‌ను, సర్వీస్‌ను కాదు. కనెక్షన్ కలిసి వెంటనే తెగిపోతే లాగ్‌లో మూడో మెట్టు నాటి పూర్తి పేరు సమస్యే మళ్లీ కనిపించవచ్చు. ఏ చిరునామాలను రానివ్వకూడదో చెప్పే హోస్ట్స్.డినై ఫైలు కూడా చూడండి.

ఇంట్లోని మరో కంప్యూటర్ నుంచి చదవవచ్చు, కాని మీ నెట్‌వర్క్ బయటి చిరునామాలకు లీఫ్‌నోడ్ జవాబివ్వదు. అలౌస్ట్రేంజర్స్ అనే వరుసకు 42 విలువ ఇస్తే ఆ అడ్డు తొలగుతుంది, అందులో స్ట్రేంజర్స్ భాగం పెద్దబడి అక్షరాలతో రాయాలి. ఆ వరుస రాయవద్దని గట్టిగా కోరుతున్నాను. మొదటి తరం లీఫ్‌నోడ్‌లో రీడర్లకు పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు లేదు. తలుపు తెరిస్తే ఎవరైనా మీ ఖాతా పేరు మీద చెత్త సందేశాలు పంపగలరు. బయటినుంచి చదవాలంటే ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం వాడండి.

మీరు రాసినది గ్రూపులో కనిపించకపోతే స్పూల్‌లో రెండు డైరెక్టరీలు చూడండి. అవుట్.గోయింగ్‌లో ఉంటే ఇంకా పంపలేదు, పెద్దబడి పి ఆప్షన్‌తో ఫెచ్‌న్యూస్ నడిపితే పంపడం మాత్రమే చేస్తుంది. ఫెయిల్డ్.పోస్టింగ్స్‌లో ఉంటే బయటి సర్వర్ తిరస్కరించింది, లాగ్‌లో 441 అంకె పక్కన కారణం రాసి ఉంటుంది.

తెలుగు అక్షరాలు చెదిరి కనిపిస్తే నింద లీఫ్‌నోడ్ మీద వేయవద్దు. అది సందేశపు పాఠాన్ని వచ్చినట్టే దాస్తుంది. స్పూల్‌లోని ఫైలును నేరుగా తెరిచి చూడండి. కంటెంట్-టైప్ వరుసలో యూటీఎఫ్-8 అని లేకపోతే రాసినవారి రీడర్‌లో లోపం, ఉంటే చదివే మీ రీడర్ అమరికలో లోపం.

9. రెండో వెర్షన్ సంగతి

లీఫ్‌నోడ్‌ను మొదట ఆర్న్ట్ గుల్‌బ్రాండ్‌సెన్ రాశారు, తర్వాత కార్నెలియస్ క్రాసెల్, ఆయన తర్వాత మథియాస్ ఆండ్రే నిర్వహించారు. స్థిరమైన శాఖ ఒకటో తరానిది: 1.11, దాని తర్వాత 1.12. ఈ 1.12 తరాన్ని సోర్సు నుంచి కట్టేవారికి పాఠంలో నమూనాలను వెతికే లైబ్రరీ అవసరం, అదీ పాత పీసీఆర్‌ఈ కాదు, పీసీఆర్‌ఈ2. కాన్ఫిగర్ దశలోనే ఆగిపోతే ముందుగా చూడవలసింది దాని అభివృద్ధి ప్యాకేజీ ఉందా లేదా అని.

రెండో తరం వేరే శాఖ. రీడర్లకు పాస్‌వర్డ్, సొంత స్థానిక గ్రూపులు వంటి సదుపాయాలు అందులో ఉన్నాయి. ఒకప్పుడు 2.0 బీటా అనే పేరుతో వచ్చిన ఆ శాఖ, తర్వాత 2.0.0.ఆల్ఫా అని, దాని వెనుక ఏడాది, నెల, తేదీ కలిపిన సంఖ్యతో వెలువడింది. బీటా నుంచి ఆల్ఫాకు పేరు వెనక్కి జరిగిందంటే దాన్ని పూర్తయిన సరుకుగా ఎంచవద్దని రాసినవారే చెబుతున్నట్టు నేను అర్థం చేసుకున్నాను. మీ చేతిలోని వెర్షన్ పేరులో ఉన్న తేదీ చదవండి. ఆ తేదీ ఎంత పాతదో చూస్తే పని ఎంత చురుకుగా సాగుతోందో మీకే తెలుస్తుంది.

నా సలహా ఇది. ఇంట్లో ఒక్కరే చదివేట్టయితే మొదటి తరంతోనే ఉండండి. కార్యాలయంలోనో కళాశాలలోనో నలుగురికి స్థానిక చర్చా గ్రూపులు కావాలంటే రెండో తరాన్ని పరీక్షించవచ్చు, కాని ఈ జాగ్రత్తలతో. వేరే కంప్యూటర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో, వేరే స్పూల్ డైరెక్టరీతో పెట్టండి. ఒకే స్పూల్ మీద రెండు తరాలను ఎన్నడూ నడపవద్దు. పాత కాన్ఫిగ్ ఫైలును అలాగే నకలు చేయకుండా, కొత్త వెర్షన్‌తో వచ్చిన నమూనా ఫైలులో మీ వరుసలను ఒక్కొక్కటిగా చేర్చండి. రెండు మూడు గ్రూపులతో మొదలుపెట్టి, కనీసం ఒక పూర్తి గడువు చక్రం, అంటే ఇరవై రోజుల గడువైతే ఆ ఇరవై రోజులు, టెక్స్‌పైర్ సవ్యంగా పనిచేసిందని చూసిన తర్వాతే మిగతావి చేర్చండి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి తరంలో కారణం తెలియని లోపం ఉండగా దాన్ని వదిలించుకోవడానికి రెండో తరానికి మారవద్దు. పై ఎనిమిది మెట్లలో చెప్పిన లోపాల్లో ఎక్కువ భాగం వెర్షన్‌కు సంబంధం లేనివి. పేరు, అనుమతులు, లింకులు, తాళం ఎక్కడికి మారినా మీ వెంటే వస్తాయి.

10. నిజంగా ప్రోగ్రామ్‌లోనే లోపమైతే

అన్నీ సరిచూసుకున్నా ప్రోగ్రామ్ కూలిపోతుంటే నిర్వాహకులకు తెలియజేయండి. పరీక్షా వెర్షన్ వాడేవారికి ఇది బాధ్యత కూడా. రాసేటప్పుడు ఖచ్చితమైన వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, ప్యాకేజీ ద్వారా పెట్టారా సోర్సు నుంచి కట్టారా అన్నది, కాన్ఫిగ్ ఫైలు, డీబగ్‌మోడ్‌తో తీసిన లాగ్, లోపం మళ్లీ రప్పించడానికి చేయవలసిన పనులు వరుసక్రమంలో ఇవ్వండి. పనిచేయడం లేదు అన్న ఒక్క వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. కూలిపోయినప్పుడు కోర్ ఫైలు ఉంటే జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ జతచేయండి. ఒక ప్రత్యేక సందేశం దగ్గరే ఫెచ్‌న్యూస్ పడిపోతుంటే ఆ సందేశపు గుర్తింపు సంఖ్యను తప్పక రాయండి, ఎందుకంటే దానితోనే వారు ఆ సందేశాన్ని తమ దగ్గర తెప్పించుకొని చూడగలరు.

పంపే ముందు కాన్ఫిగ్ ఫైలులో, లాగ్‌లో రెండింటిలోనూ పాస్‌వర్డ్ ఎక్కడైనా మిగిలి ఉందేమో గ్రెప్‌తో వెతకండి. మిగిలి ఉండగా పంపేసి ఉంటే అప్పటికప్పుడే న్యూస్ సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్చి, కొత్తదాన్ని కాన్ఫిగ్‌లో రాసి, ఫెచ్‌న్యూస్‌ను ఒకసారి నడిపి 481 రావడం లేదని చూసుకోండి.